తుమ్మబంక బసమ్మ

కోహీర్ గుట్టల్లో అందుగు చెట్టుకు గంటు పెట్టడం బసమ్మ తల్లి దగ్గర నేర్చుకుంది. పైబెరడే చెక్కాలి, కొయ్యకు కత్తి తగలకూడదు. పదిహేను రోజులకు ఆ గాటు మీద పసుపుపచ్చని బొట్లు ఊరి గట్టిపడతాయి. అదే గుగ్గిలం. కానీ వాళ్లింట్లో ఆ పేరు వాడరు. చెట్టు నుంచి కారేది ఏదైనా వాళ్లకు బంకే. అందుగుదీ బంకే, తుమ్మదీ బంకే. ఆ ఒక్క మాటే ఆమె కొంప ముంచింది.

1974లో వీరభద్రుడి జాతర. ఏటా గుగ్గుళం నాడు కొత్త కుండల్లో నిప్పులు పోసి, గుగ్గిలం చల్లుతూ ఊరేగిస్తారు. బసమ్మ ఏరిన గుగ్గిలం జహీరాబాదులో బొంబాయి రోడ్డు మీది మహాదేవప్ప పూజసామాన్ల దుకాణానికి, అక్కణ్నుంచి గుడికి వెళ్లేది. ఆ ఏడు పిడికెడు చల్లితే పొగ లేవలేదు. సగం పలుకులు నిప్పుల మీద ఉబ్బి, నల్లబడి మాడు కంపు కొట్టాయి. డోలు ఆగింది.

"ఇదేం తెచ్చినవ్ బసమ్మా?" పూజారి రేవణసిద్ధప్ప గద్దించాడు.

"బంకనే స్వామీ. మా చెట్ల బంకనే."

"విన్నరా!" మహాదేవప్ప చెయ్యెత్తాడు. "దాని నోటితోనే ఒప్పుకున్నది. తుమ్మబంక కలిపి నాకంటగట్టింది!"

మాడిన పలుకులు తనవి కావని బసమ్మకు చూడగానే తెలిసింది. కలిసింది దుకాణంలోనే. చెబితే వినేదెవరు? ఆ రోజు నుంచి ఆమె తుమ్మబంక బసమ్మ అయింది. బస్సులో అదే పేరు, బాయి కాడ అదే పేరు. అయిదేళ్లకు భర్త సంగప్ప పోయాడు. పాడె కదులుతుంటే దారినపోయే ఒకడు "ఎవరు పోయిన్రు?" అని అడిగాడు. "గదే, తుమ్మబంక బసమ్మ మొగడు" అన్నారెవరో. సంగప్ప పేరు ఎవరి నోటా రాలేదు. ఆ మాటతో బసమ్మ ఏడుపు ఆగిపోయింది.

అప్పటినుంచి ప్రతి గంటూ పేరు పెట్టి పెట్టేది. "ఇది నీకే, మహాదేవప్పా."

"చెట్టేం పాపం చేసిందే?" అనేది పక్కింటి నారమ్మ.

"చెట్టుకు నొప్పి కానియ్య. నొప్పంతా ఆయనకే దాచిపెట్టిన."

గుగ్గిలం బీదర్‌లో అమ్ముకుంది గానీ జహీరాబాదుకు పలుకు కూడా ఇవ్వలేదు. ఏటా జాతర ముందు మాత్రం నారమ్మను పంపి మహాదేవప్ప దుకాణంలో గుప్పెడు తెప్పించేది, చెంబు నీళ్లలో వేసి చూసేది. అందుగు గుగ్గిలం పడితే నీళ్లు తెల్లబడతాయి, పలుకు కరగదు; తుమ్మబంకైతే కరిగి జిగురవుతుంది. ఏళ్ల తరబడి పలుకులు కరగలేదు. ఒకసారి తప్పించుకున్నవాడు జాగ్రత్తగానే ఉన్నాడు. 1985లో చెంబులో చెయ్యి పెడితే వేళ్లు అతుక్కున్నాయి. బసమ్మ ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నది.

జాతర నాడు మహాదేవప్ప గుడి పెద్దల వరసలో గుగ్గిలం పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. బసమ్మ రెండు చెంబుల నీళ్లతో ఎదురొచ్చింది.

"జరగున్రి, తుమ్మబంక వచ్చింది. అంటుకుంటది!" అన్నాడతను. జనం నవ్వారు.

"అవు సావుకారీ, బంక సంగతి నాకు తెల్వక ఎవరికి తెలుస్తది?" కొంగు విప్పి తన పలుకులు ఒక చెంబులో వేసింది. "నీ పలుకులు గీ చెంబుల ఎయ్యి. గుడి సుట్టు మూడు సుట్లు తిరిగొచ్చినంక స్వామే చూస్తడు."

మహాదేవప్ప వెనకాడాడు. రేవణసిద్ధప్పే పళ్లెంలోంచి తీసి వేశాడు. మూడు చుట్లూ అయ్యాక మొదటి చెంబులో చెయ్యి పెట్టాడు. పలుకులు గట్టిగా తగిలాయి. రెండో చెంబులో మహాదేవప్ప చేతినే ముంచాడు. పైకి తీస్తే వేళ్లు విడివడలేదు.

"దీన్నేమంటరు సావుకారీ?" బసమ్మ అడిగింది.

అతను వేళ్లు పంచెకు తుడుచుకోబోయాడు.

"చెప్పు. పోయినసారి నేను చెప్పిన గద."

"బంక."

"ఏం బంక?"

"తుమ్మబంక," అన్నాడు నేల చూస్తూ. ఈసారి జనం నవ్వింది అతన్ని చూసి.

నెల తిరక్కముందే మహాదేవప్ప మంచం పట్టాడు. అతని కోడలు సుగుణమ్మ బసమ్మ ఇంటికి వచ్చింది. "పెద్దమ్మా, మామకు నయమైతే గుగ్గుళం తీస్తమని మొక్కుకున్నం. అసలుది గుప్పెడియ్యి."

"ఏ మామ?"

"మా మామ, మహాదేవప్ప."

"గా పేరుతోని నాకెవరూ తెల్వదు."

సుగుణమ్మ వెనక్కి తిరిగి వీధిలోకి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "తుమ్మబంక మహాదేవప్ప."

"ఆఁ, గట్ల చెప్పు," అంది బసమ్మ. లోపలికి పోయి, ఆ ఏటి మొదటి గంట్ల గుగ్గిలం, ఒక్క పొట్టు రేణువు లేకుండా ఏరి, రెండు దోసిళ్లు కోడలి కొంగులో పోసింది.