కొత్త ర్యామ్ పెట్టిన శనివారం

మా ఆయనకి చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. బడిలో లెక్కల మాస్టారు. విజయనగరం వైపు నుంచి ఉద్యోగం మీద పోర్ట్‌బ్లెయిర్ వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని. పెళ్ళయ్యాక లంబాలైన్‌లో క్వార్టరు ఇచ్చారు, విమానాశ్రయం గోడకి దగ్గర్లోనే. విమానం దిగేటప్పుడు కొడితే పక్కింటికి వినపడదని అతనికి తెలుసు. ఆ రొద మొదలవగానే నేను తెలియకుండానే తలుపు వైపు జరిగేదాన్ని.

కంప్యూటర్ అతనే కొన్నాడు, సెకండ్‌హ్యాండ్‌ది. కొన్నాళ్ళు మోజుగా పేకాట ఆడి వదిలేశాడు. అప్పుడది నా చేతికొచ్చింది. మా చర్చి సంఘంలో తెలుగు పాటల పుస్తకాలు చిరిగిపోయాయి. పైగా ఇక్కడి పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవమంటే తడబడతారు. అందుకని ప్రతి పాటా తెలుగు అక్షరాల్లో ఒకసారి, దాని కిందే హిందీ అక్షరాల్లో ఒకసారి టైపు చేసి ఇస్తానని ఒప్పుకున్నాను. పాటలు పెరిగేకొద్దీ ఫైలు బరువెక్కింది. పేజీ కదిపితే చాలు, కంప్యూటర్ బిగుసుకుపోయేది. చేసిన పని పోయేది.

గోల్ ఘర్ బజారులో ఒక తమిళాయన కంప్యూటర్ షాపు నడిపేవాడు. నేను భయ్యా అనేదాన్ని. మెమరీ చాలక అలా ఆగిపోతోందేమోనని ఒక శనివారం పొద్దున్న లోపలున్న పాత ర్యామ్ పలకని ఊడదీసి కాగితంలో చుట్టుకుని వెళ్ళి చూపించాను. దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు.

"దీదీ, ఇది రెండు వందల అరవై ఆరు స్పీడుది. ఇలాంటిది ఇప్పుడు రావట్లేదు. నా దగ్గర ఉన్నది నాలుగు వందలది. దీని పక్కన అది పెట్టుకోవచ్చు, రెండూ పనిచేస్తాయి. కాకపోతే కొత్తది కూడా పాతదాని స్పీడుకి తగ్గి నడుస్తుంది."

"ఫైలు ఆగిపోకుండా ఉంటే చాలు భయ్యా."

"ఉంటుంది. కానీ సెట్టింగుల్లోకి వెళ్ళి స్పీడు మాత్రం పెంచకండి. పాతది తట్టుకోలేదు, మొత్తం ఆగిపోతుంది."

కొత్తది కొనుక్కుని ఇంటికొచ్చి రెండూ నేనే పెట్టాను. పాటల ఫైలు తెరిస్తే చివరి పేజీ దాకా నీళ్ళలా జారిపోయింది. వంటింట్లోకెళ్ళి పాడుకుంటూ చేపలు కడిగాను. అలా పాడుకుని ఎన్నాళ్ళయిందో.

మధ్యాహ్నం అతను బడి నుంచి వచ్చి, అన్నం తిని, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కొత్త ర్యామ్ వచ్చిన అట్టపెట్టె పక్కనే ఉంది.

"ఏటే ఇది? పెట్టె మీద నాలుగు వందలని ఉంది. తెర మీద రెండు వందల అరవై ఆరు చూపిస్తందేటి?"

"పాతది ఎంతలో నడుస్తాదో కొత్తదీ అంతలోనే నడుస్తాదంటండీ. షాపు భయ్యా ముందే చెప్పాడు."

"వాడు చెప్పాడు, నువ్వు తలూపీసావు. బేవకూఫ్! నిన్ను మోసం చేసాడే."

"లేదండీ, స్పీడు పెంచొద్దని కూడా..."

మాట పూర్తవకముందే చెంప మీద పడింది. చెవిలో ఈల మోగినట్టయింది. అతను కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసి, సెట్టింగుల్లోకి పోయి, స్పీడు నాలుగు వందలకి మార్చాడు. తెర నల్లబడింది. లోపల్నుంచి కుయ్ కుయ్‌మని కూత మొదలైంది. ఆపి వేసినా అదే కూత. అతను లేచి నా జుట్టు పట్టుకుని తలని తలుపు చెక్కకేసి కొట్టాడు.

"నడు, వాడి సంగతి తేలుస్తాను."

పాలిపోయిన మొహంతోనే స్కూటరు వెనక కూర్చున్నాను. షాపులో భయ్యా ఏదో కీబోర్డు దులుపుతున్నాడు. మా ఆయన ఒక్క మాటా అడగలేదు. కౌంటరు మీంచి కాలరు పట్టి లాగి, అతని మొహాన్ని అద్దం బల్ల మీద కొట్టాడు. అద్దం పగిలింది. రెండోసారి కొట్టాడు. భయ్యా కనుబొమ మీద తెగి, నెత్తురు కళ్ళలోకి కారింది. చేతులతో గాలిలో వెతుక్కుంటూ కింద కూలబడ్డాడు.

బజారు మొత్తం వచ్చిపడింది. చుట్టుపక్కల షాపులవాళ్ళు మా ఆయన్ని రోడ్డు మీదికి ఈడ్చారు. పిడిగుద్దులు, చెప్పులు, ఎవరిదో గొడుగు కర్ర. అతను కిందపడి మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకున్నాడు. అలా ముడుచుకోవడం నాకు బాగా తెలుసు. నాకు జాలి కలగలేదు. కలగనందుకు నామీద నాకే భయమేసింది.

పోలీసులొచ్చి విడదీశారు. మా ఆయన పెదవి తుడుచుకుంటూ, "పాడైపోయిన సరుకు అంటగట్టాడు సార్, అడిగితే నామీద పడ్డాడు" అని హిందీలో చెప్పాడు. భయ్యా కంటికి గుడ్డ అదిమిపట్టుకుని నా వైపు చూశాడు.

"దీదీ, స్పీడు మార్చొద్దని నేను చెప్పలేదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. మా ఆయన కూడా చూశాడు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. పోలీసుల వైపు తిరిగాను.

"చెప్పాడు. సరుకు మంచిదే. మార్చింది మా ఆయన. ముందు కొట్టిందీ ఈయనే. ఇంట్లో నన్ను కొట్టి ఇక్కడికొచ్చాడు."

ఆ రాత్రి అతన్ని స్టేషన్లో ఉంచారు. మర్నాడు ఆరాధనకి బయల్దేరుతుంటే తిరిగొచ్చాడు. తలుపు గడియ పెట్టాడు. కంప్యూటర్ తెరని ఎత్తి గోడకేసి కొట్టాడు. ఆ తర్వాత నావైపు తిరిగాడు. మొహానికి అడ్డం పెట్టుకున్న కుడిచేతిని పట్టుకుని మెలితిప్పాడు. మణికట్టు దగ్గర టక్కుమంది. నేను అరిచాను. ఆకాశంలో ఏ విమానమూ లేదు.

పక్కింటి బెంగాలీ దీదీ వెనక తలుపు తోసుకుని వచ్చింది. చేపలు కోస్తూ కోస్తూ లేచొచ్చినట్టుంది, చేతికి పొలుసులు అంటుకునే ఉన్నాయి, కత్తీ చేతిలోనే ఉంది.

"ఛోడ్ దే ఉస్కో! వదలకపోతే నిన్నిక్కడే నరుకుతాను!"

ఆవిడ అన్నంతపనీ చేసేలాగే ఉంది. అతను నన్ను వదిలి గోడకి ఆనుకున్నాడు. జీవితంలో మొదటిసారి అతని మొహంలో బెదురు చూశాను. దీదీ నన్ను ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మళ్ళీ ఆ ఇంట్లో నేను పడుకోలేదు.

భయ్యా కేసు పెట్టాడు, నేనూ పెట్టాను. సంఘం పెద్దలు కొందరు నా దగ్గరికొచ్చి, "భర్త కదమ్మా, మొండితనం మంచిది కాదు, సర్దుకో" అన్నారు. కట్టు కట్టిన చెయ్యి వాళ్ళ ముందు పెట్టి, "ఇది మీ కూతురిదైతే?" అన్నాను. ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. తర్వాత మా ఆయన దూరపు దీవికి బదిలీ చేయించుకున్నాడు. విడాకులు రావడానికి చాలాకాలం పట్టింది.

నా చెయ్యి విరిగిన వారంలోనే, తెర పగిలినా చెక్కుచెదరని కంప్యూటర్ డబ్బాని దీదీ తన ఇంటికి తెచ్చి దాచింది. కనుబొమ మీద కుట్లతోనే భయ్యా దాన్ని విప్పి, లోపలున్న బిళ్ళలాంటి బ్యాటరీ తీసి కాసేపాగి మళ్ళీ పెట్టాడు. మార్చిన సెట్టింగు పోయింది. ఎక్కడిదో పాత తెర తగిలించాడు. రెండు ర్యాములూ మామూలుగా పనిచేశాయి. మిగిలిన పాటలన్నీ ఎడంచేత్తో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. పుస్తకం అచ్చయి వచ్చిన ఆదివారం నేను వెనక వరసలో కూర్చున్నాను. హిందీ అక్షరాలు చూసుకుంటూ పిల్లలు తెలుగులో పాడుతుంటే, ముందు వరసలో సంఘం పెద్దలు వెనక్కి తిరిగి తిరిగి నావైపు చూశారు.