ఒట్టు కొలిచే సోల

నా చిన్నప్పుడు జువ్వలదిన్నె దగ్గరి మా పల్లెకు కలరా వచ్చిన ఏడాదే ఎన్నికలూ వచ్చాయి. రెండూ ఒకేసారి వస్తే పేదవాడి ఇల్లు ఏమవుతుందో నేను బడిలో చదువుకోలేదు, మా అవ్వ దగ్గర చూశాను.

మా ఆడవాళ్లు ఎండబెట్టిన నెత్తళ్ల చేపలను గంపల్లో పెట్టుకుని లోపలి వరి ఊళ్లకు పోయి, సోలకు సోల బియ్యం మార్చుకుని వచ్చేవారు. కలరా భయంతో ఆ ఊళ్లు మమ్మల్ని పొలిమేరలోనే ఆపేశాయి. ఇంట్లో నెత్తళ్లు గుట్టపడ్డాయి, కుండలో గింజ లేదు. ఎండుచేపను ఎంతకని నమిలేది? మా చెల్లెలు ఏడవడం కూడా మానేసింది.

అప్పుడొచ్చాడు ఒక పెద్దమనిషి, బండెడు బియ్యంతో. ఇంటికో కుంచెడు ఇస్తాడట. తీసుకునే ముందు వల మీద చెయ్యి వేసి, ఓటు తన మనిషికేనని ఒట్టు పెట్టాలి. వల మీద పెట్టిన ఒట్టు తప్పితే సముద్రం ఆ ఇంట్లో ఒక మనిషిని బలి అడుగుతుందని మా నమ్మకం. అది తెలిసే అడిగాడు, దుర్మార్గుడు.

అవ్వ వల ముట్టలేదు. మా ఇత్తడి సోల తెచ్చి ఆయన బియ్యం కొలిచి చాటలో పోసుకుంది. సరిగ్గా అన్నే సోలల నెత్తళ్లు కొలిచి ఆయన సంచిలో పోసింది. ఈ చేపలు ఎవరికి కావాలి, ఒట్టు పెట్టు అని ఆయన గద్దించాడు.

“ఒట్టు కొలిచే సోల మా ఇంట్లో లేదు సామీ. కొలవలేనిది మేం మార్చుకోం,” అంది అవ్వ.

ఆయన చెయ్యి చాట మీదికి వచ్చింది. లాక్కుపోతాడనే అనుకున్నాను. అవ్వ ముఖం కదల్లేదు గాని, సోలను రొమ్ముకు అదుముకుంది. వీధి వీధంతా చూస్తోంది. ముసలమ్మ చాట లాక్కుంటే మిగతా ఓట్లూ పోతాయనుకున్నాడేమో, నెత్తళ్ల సంచి బండిలో పడేయించి వెళ్లిపోయాడు.

కడుపులో గంజి పడేసరికి నాకు పొగరొచ్చింది. ఒట్టు పెట్టి బియ్యం తీసుకున్న పక్కింటి అత్తను, ఓటు అమ్ముకుందని నవ్వాను. అవ్వ నా నెత్తిన ఒక్కటి మొట్టింది.

“మనింట్లో నెత్తళ్లుండాయి కాబట్టి నాకు నోరొచ్చింది. మొగుడు సముద్రం మీదికి పోలేక పడకేసినాడు, ఆమె ఇంట్లో ఏముండాది? సిగ్గుపడాల్సింది ఒట్టు పెట్టించుకున్నోడురా.”

మొన్న కరోనాలోనూ అంతే. పడవలు ఒడ్డునే ఉండిపోయాయి, చేపలు కొనే చెన్నై లారీలు రాలేదు. ఈ నెల గడిచేదెట్ట అని నా కోడలు రోజంతా తనలో తనే గొణుక్కునేది. ఆ వెనకే ఎన్నికలు, ఓటు కోసం గడపగడపకూ బియ్యం సంచులు. టీ అంగడిలో, ఒక్క నెలా జీతం ఆగని ఒకాయన మా వాళ్లు సంచికి అమ్ముడుపోయారని వెటకారం చేశాడు. చేపలు చుట్టిన పాత పేపర్లలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ని నేను, పెద్ద మాటలు రావు. మీ ఇంట్లో నెత్తళ్లుండాయిలే సామీ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

సొట్టలుపడిన ఆ సోల ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఎవరి ఓటునైనా తిట్టడానికి నోరు తెరిస్తే నెత్తిన మొట్టికాయ తగిలిన చోటు చురుక్కుమంటుంది. ముందు ఆ ఇంటి పొయ్యి వైపు చూస్తాను.