చీనీ తోట లేదని చెప్పిన అత్త

మొన్న ఉదయం అనంతపురం ఆసుపత్రి నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, అత్త పోయింది" అంది. చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసిన మా మేనత్త ఇక లేదు. దాచడమెందుకు, నాకు ఏడుపుకన్నా ముందు కుళ్లు వచ్చింది. ఆఖరి ఘడియలో పక్కనున్నది చెల్లెలు, నేను కాదు.

చెల్లెలంటే మా చిన్నాన్న కూతురు. ఆ ఆసుపత్రిలోనే నర్సు. అత్త పెంచింది మాత్రం నన్ను. అమ్మ చేనికి పోతే నేను అత్త ఒళ్లోనే ఉండేదాన్ని. బెళుగుప్పలో మా ఇంటి వసారాలో శనక్కాయలు వలుస్తూ మొదటి గింజలు నా నోట్లో పెట్టేది. చెల్లెలు చెయ్యి చాపితే "నీకు మీయమ్మ పెడతాది పో" అనేది. ఆ మాటకే నాకు సగం కడుపు నిండేది.

అలాంటిది, చెల్లెలు నర్సింగులో చేరిన ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తులో చిన్నాన్న ఏం రాయించాడో తెలుసా? తల్లిదండ్రులు లేరు, మేనత్త పెంచుతోంది అని! తోట ఉన్నవాళ్లకు స్కాలర్‌షిప్ రాదని ఎవరో చెప్పారట. అసలు తోట ఎక్కడుంది? బోరు ఎండిపోయి, బత్తాయి కాసే చీనీ చెట్లు కొట్టి కట్టెలకు అమ్మేశాక మిగిలింది వట్టి మెట్ట చేను. చీనీ తోట రైతునని ఊరంతా తిరిగిన మనిషి, తాను చచ్చినట్టు రాయించుకున్నాడు గానీ బోరు ఎండిందని రాయించలేకపోయాడు.

నా మంట వేరే. పెంచింది నన్నయితే, కాగితం మీద దాన్నా?

సంగతి తెలిసి అత్త ఇల్లు అదరగొట్టింది. "ఏమిరా, బుద్ధుండాదా నీకు? బతికుండే నీ పెండ్లాన్ని గూడా సంపి రాయిస్తివే!"

"మెట్ట చేనని రాయిస్తే నా మొగం యాడ పెట్టుకోవల్లక్కా?" అన్నాడు చిన్నాన్న.

"రేపు ఎవురన్నా తనిఖీకి వస్తే పాప సీటే పోతాది. ఉండేది ఉన్నట్టు సెప్పు. ఆమైన సూసుకుందాం."

కూరలో ఉప్పెక్కువైనా, మేం పరీక్ష తప్పినా అత్త అనేది ఆ మాటే: ఉన్నది చెప్పు, తర్వాత సంగతి తర్వాత.

మర్నాడు చెల్లెలి చెయ్యి పట్టుకుని కాలేజీకి బస్సెక్కింది. నా చదువు కోసం ఏ ఆఫీసు గడపా తొక్కని మనిషి! ఓర్వలేక నేనూ వెంటపడ్డాను. గుమాస్తా ముందు అత్త గొంతు తగ్గించలేదు. "దీని అమ్మా నాయనా గుండ్రాళ్ల మాదిరి ఉండారు సారూ. తోట లేదు, ఎండిపాయ. మెట్ట చేనని రాసుకోండి."

"మెట్టకైతే ఇంకా సులువుగా వస్తాదమ్మా. దీనికి అబద్ధమెందుకు?" అని ఆయన దిద్దడం మొదలుపెట్టాడు. "అయితే నువ్వు పెంచలేదా?"

"నేను పెంచింది ఆ పిల్లను గాదు. ఇదో, ఈ పిల్లను" అని నన్ను ముందుకు లాగింది.

ఆ రోజంతా నా కాళ్లు నేల మీద ఆనలేదు. చెల్లెలు బస్సు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకోవడం చూశాను. దాని స్కాలర్‌షిప్ వచ్చింది, చదువూ నిలిచింది.

మొన్న ఆసుపత్రికి చేరేసరికి చెల్లెలు ప్రాణం లేని అత్త తల దువ్వుతోంది. మంచానికి తగిలించిన కాగితంలో, రోగి తాలూకు మనిషిగా దాని పేరుంది. పక్కన సంబంధం అన్నచోట, దాని చేతిరాతే, 'కూతురు'.

"ఇదేందే?" అన్నాను.

"సేర్పించిన దినమే సదివి వినిపించినానక్కా. దిద్దల్లా అత్తా అని అడిగితే, వద్దని తలూపింది."

దువ్వెన కోసం చెయ్యి చాపాను. చెల్లెలు చూడనట్టే దువ్వుతూ ఉంది.