ఎర్రర్‌ను పూర్తిగా చదవమనే మా అత్త

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా అత్త పోయింది. కోయంబత్తూరు శివార్లలో పోదనూరు ఇంట్లో భోజనం చేసి, ముందుగదిలో వాలుకుర్చీలో కన్ను మూసుకుంది, అంతే. నేను కోయంబత్తూరులో ఆఫీసులో ఉన్నాను. మా ఆయన ఫోను చేసి "అమ్మ లేదు" అన్నాడు.

నేను ఇంటికి వచ్చేసరికి ఆమె ఫోను మోగుతూ ఉంది. మామ దాని వైపు చూస్తూ కూర్చున్నాడు కానీ తీయలేదు. నేను తీశాను. అవతల ఎవరో ఒకాయన, వార్త తెలియని మనిషి, సర్వరుకు కనెక్షను దొరకడం లేదని కంగారుగా చెప్పాడు. ఆయనకు ఈ మాట ఎలా చెప్పాలో నాకు తోచలేదు. "సర్వీసు నడుస్తోందా, ఒకసారి చూడండి" అన్నాను. నడవడం లేదట. మొదలుపెట్టమన్నాను. "వచ్చేసింది. అమ్మకు థ్యాంక్స్ చెప్పండి" అని పెట్టేశాడు. నేను ముందుగదిలోకి వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని, ఆ థ్యాంక్స్ చెప్పాను.

తమిళం మధ్య ఉండే మా తెలుగువాళ్ళం అత్తకు 'గారు' తగిలించం. తగిలిస్తే ఎవరో పరాయి మనిషి అయిపోతుంది. అందుకే ఇక్కడ కూడా అత్త అనే రాస్తున్నాను.

ఆమె కోయంబత్తూరులో పంపుసెట్లు తయారుచేసే కంపెనీలో కంప్యూటరు సెక్షనులో పనిచేసింది. రిటైరయ్యే నాటికి అక్కడి డేటాబేసు అంతా ఆమె చేతి మీదే నడిచేది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు అది. ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకోవచ్చు. అందుకే చిన్న ఆసుపత్రులు, బడులు, గిడ్డంగులు దాన్ని పెట్టుకుంటాయి. కానీ అది మొరాయిస్తే పిలవడానికి వాళ్ళకు కంపెనీ మనిషి ఉండడు. తెలిసినవాళ్ళెవరో మా అత్త నంబరు ఇచ్చేవాళ్ళు. మదురై అవతల కంబంలో ద్రాక్షపళ్ళ కోల్డ్ స్టోరేజీ, పొల్లాచ్చి దారిలో ఒక బడి, తిరుమంగళంలో డయాలసిస్ సెంటరు, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళో ఫోను చేసేవాళ్ళు. స్పీకరు పెట్టుకుని, చిన్న ఉల్లిపాయలు ఒలుస్తూ మాట్లాడేది. ఆ మాటల్లో పడి పొయ్యి మీద రసం ఇగిరిపోయిన రోజులు మా ఇంట్లో చాలా ఉన్నాయి. మామ మజ్జిగ పోసుకుని తినేవాడు.

నేను కంబం పిల్లను. మా నాన్నకు ద్రాక్షతోట. చదివింది తమిళంలో, డిగ్రీ బి.కాం. మా ఇంటి తెలుగు, అత్తింటి తెలుగు ఒకటే అనుకుని పోదనూరు వచ్చాను. మొదటి వారంలోనే నా మాట విని ఆమె నవ్వింది, ఆమె మాట విని నేను నవ్వాను. ఇద్దరికీ కుదరనిచోట తమిళం వచ్చి కూర్చునేది. తెలుగు అక్షరాలు కూడా నేను ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.

పెళ్ళయిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆమె చేతులకు చింతపండు పులుసు అంటుకుని ఉంది. ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, "అమ్మిణీ, ఇట్ల రా. నేను చెప్పింది కొట్టు" అంది. కొట్టాను. ఏదో ఎర్రరు వచ్చింది. భయపడి ఆ విండో మూసేశాను.

"ఎందుకు మూసినావు?"

"ఎర్రరు వచ్చింది అత్తా."

"వస్తే ఏమి? అది నిన్ను తిట్టలే. ఏమి జరిగిందో చెప్తా ఉండాది. నువ్వు చెప్పనీకుండా నోరు మూసేస్తివి. మళ్ళా కొట్టు. పూర్తిగా చదువు."

మళ్ళీ కొట్టి చదివాను. ఫలానా టేబులు చూడడానికి అనుమతి లేదని ఉంది.

"ఎవరికి లేదంట?"

నేను లాగిన్ అయిన పేరు చెప్పాను.

"దేనికి లేదంట?"

టేబులు పేరు చెప్పాను.

"అంతే గదా. పాలాయన వాకిట్లో నిలబడి పాలు పోస్తాడు, వంటింట్లోకి రాడు. వాకిలి వరకే మనం రానిచ్చినాము. ఈ పేరుకు కూడా ఆ టేబులు వరకు మనమే రానియ్యాల. ఇప్పుడు అనుమతి ఇచ్చేది ఎట్లనో చెప్తాను, కొట్టు."

నా చదువు అట్లా మొదలైంది. ఇప్పుడు నేను ఒక బట్టల కంపెనీలో డేటాబేసులు చూసుకునే ఉద్యోగం చేస్తున్నానంటే, ఆ చింతపండు చేతుల పుణ్యమే.

ఫోను చేసినవాళ్ళు ఆయాసపడుతూ ఏదేదో చెబితే, "ఏమి చేసినావో చెప్పు. ఏమి అనుకొంటివో అప్పురం చెప్పు" అనేది. మా మాటలో అప్పురం అంటే తర్వాత. తెలియని ప్రశ్న వస్తే నసిగేది కాదు. "నాకు తెలీదు. చూసి చెప్తాను" అని, మధ్యాహ్నమంతా మాన్యువల్ చదివి, మర్నాడు తానే ఫోను చేసేది. ఇంటర్నెట్టులో ఎవరో రాసింది అర్థం చేసుకోకుండా తెచ్చి అతికించామంటే మాత్రం ఆమెకు కోపం వచ్చేది, ఆ కోపం అంత త్వరగా దిగేది కాదు. ఏదైనా చెరిపేముందు బిగిన్ కొట్టమనేది. బిగిన్ కొట్టి చేస్తే, ఎన్ని వరుసలు పోయాయో చూసుకున్నాకే ఖాయం చేయవచ్చు, వద్దనుకుంటే మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. ఒకరోజు ఆమె ఇది ఫోనులో ఎవరికో చెబుతుంటే మామ పేపరు వెనక నుంచి, "నా పెళ్ళినాడు ఎవరూ బిగిన్ కొట్టలే" అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక ఫోను నా చేతికిచ్చింది.

తిరుమంగళం సంగతి చెప్పాలి.

ఒక ఉదయం టిఫిను దగ్గర ఉండగా ఆ డయాలసిస్ సెంటరు నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఆఫీసు చూసుకునే ఆయన మన తెలుగువాడే, నడివయసు మనిషి. 

"మేడమ్, డిస్కు నిండిపోయినాది. లాగ్ ఫైళ్ళు పెద్దపెద్దవి ఉండె, సుమ్మా, ఊరికే చోటు పట్టుకొని. తీసేసినాను. ఇప్పుడు డేటాబేసు లేవడంలే."

అత్త చేతిలో దోసె ముక్క పళ్ళెంలో పెట్టేసింది. "ఏ ఫోల్డరులో ఉండేవి తీసినావు?"

ఆయన చెప్పాడు.

"రీసైకిల్ బిన్ను?"

"దాన్నీ ఖాళీ చేసినాను మేడమ్."

"సరి. ఇంక ఏమీ ముట్టుకోవద్దు. కంప్యూటరు ఆపేయి. మేము వస్తా ఉండాము."

డేటాబేసు ఏ మార్పు చేసినా ముందు దాన్ని కొన్ని ఫైళ్ళలో రాసుకుంటుంది, ఆ తర్వాతే అసలు చోట పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ ఫైళ్ళు చూసుకుని మళ్ళీ లేస్తుంది. పాత వెర్షన్లలో ఆ ఫోల్డరు పేరులోనే 'లాగ్' అనే మాట ఉండేది. దాన్ని చూసి పనికిరాని పాత ఫైళ్ళనుకుని తీసేసినవాళ్ళు చాలామంది. ఆయనా అట్లాగే తీసేశాడు.

నాకు ఆ రోజూ మర్నాడూ సెలవు. ఇద్దరం సింగానల్లూరు బస్టాండులో మదురై బస్సు ఎక్కాం. దారిలో ఆమె సెంటరు డాక్టరుకు ఫోను చేసి, "భయపడవద్దు సార్. బ్యాకప్పు ఉండాది" అంది. రోజూ దానంతటదే ఒక నకలు పడేలా ఆమే అక్కడ ఏర్పాటు చేసింది.

మేం వెళ్ళేసరికి మంచాల మీద రోగులు చేతులకు గొట్టాలతో పడుకుని ఉన్నారు. మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. కానీ ఎవరి ఒంట్లో ఎంత నీరు తీయాలి, ఎవరికి ఏ మందు పడదు, ఇవన్నీ కంప్యూటరులోనే ఉన్నాయి. నర్సులు ప్రతి ఒక్కరినీ అడిగి, గుర్తున్నది కాగితం మీద రాసుకుని నెట్టుకొస్తున్నారు. ఆఫీసాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేదు.

అత్త ముందుగా డేటాబేసు ఫోల్డరు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టుగా మేం తెచ్చిన డిస్కులోకి ఎక్కించింది. తర్వాత బ్యాకప్పులు తెరిచింది. రోజుకొక ఫైలు వరుసగా ఉంది. తేదీలు సరిగ్గానే ఉన్నాయి. లోపల మాత్రం ఏమీ లేదు. ఎప్పుడో ఎవరో పాస్‌వర్డ్ మార్చారు. అప్పటినుంచి రోజూ ఖాళీ ఫైలు పడుతోంది. చివరి మంచి నకలు పోయిన దీపావళికి ముందుది.

ఆమె కాసేపు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. లేచి డాక్టరు గదిలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

"సార్, బస్సులో నేను మీకు తప్పు చెప్పినాను. బ్యాకప్పు ఉండాదంటిని. లేదు. దాన్ని ఎక్కించి లేస్తాదా అని నేను ఎప్పుడూ చూడలే."

డాక్టరు మొహం మారిపోయింది. "అసలు ఆ ఫైళ్ళు తీసిందెవరు?" అని తమిళంలో అడిగాడు. తలుపు దగ్గర ఆఫీసాయన తల దించుకున్నాడు.

"అది అప్పురం సార్," అంది అత్త. "చేసినాయన దాచకుండా చెప్పినాడు. దాచి, ఇంకా నాలుగు బటన్లు నొక్కి ఉంటే నేను వచ్చీ ప్రయోజనం లేదు. ఇప్పుడు ఆయన నా పక్కన కూర్చోవాల. వివరాలు ఎక్కించిన మనిషి ఆయనే, ఏది సరి అని ఆయనకే తెలుస్తాది."

 డాక్టరు ఆఫీసాయన కోసం తానే ఒక కుర్చీ జరిపాడు.

పోయిన ఫైళ్ళను వదిలేసి ఉన్నదానితో లెమ్మని డేటాబేసుకు చెప్పే సాధనం ఒకటి ఉంది. దాన్ని అసలు మీద వాడకుండా, ఇంకొక నకలు తీసి దాని మీద నడిపింది. "లేస్తాది. కానీ చివర్లో రాసింది కొంత ఉంటాది, కొంత ఉండదు. దేన్నీ అడగకుండా నమ్మేది లేదు" అని మాకు ముందే చెప్పింది. అది లేచింది.  ఉన్న సమాచారమంతా బయటికి తీసి కొత్త డేటాబేసులోకి ఎక్కిస్తుంటే, ఒకే రోగి ఒకే పూట రెండుసార్లు కనబడి ఆగిపోయింది. "ఇది సరి మేడమ్, ఇది నేను దిద్దకముందుది" అని ఆఫీసాయన వేలు పెట్టి చూపించాడు. ఆ మాట చెప్పాక ఆయన కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

తర్వాత అత్త ల్యాప్‌టాప్ పట్టుకుని మంచం మంచానికీ తిరిగింది. నర్సు చదువుతుంది, రోగి ఔననాలి. కిటికీ పక్కన ఒక అవ్వ ఉంది. నర్సు తమిళంలో ఆమె బరువు చదివితే తల అడ్డంగా ఊపింది. మేమిద్దరం మాట్లాడుకోవడం విన్నట్టుంది, అత్త వైపు తిరిగింది.

"ఏందమ్మా, మనోళ్ళేనా మీరు?"

"ఆమా అవ్వా, మనోళ్ళమే."

"అయితే ఆ పాపకు చెప్పు. అది పోయిన నెల బరువు. డాక్టరు తగ్గించినాడు. నా బరువు నాకు తెలీదా?"

నర్సు కాగితం తీసి చూస్తే అవ్వ చెప్పిందే నిజం. అత్త దిద్దింది.

"ఇంకేమన్నా తప్పు ఉండాదా అవ్వా?"

"మా ఊరి పేరు తప్పు. అది మాత్రం నేను చేరిననాటినుంచీ తప్పే."

హాలంతా నవ్వింది. ఆఫీసాయన కూడా నవ్వాడు. అత్త ఊరి పేరును అక్షరం అక్షరం అడిగి సరిచేసింది.

పొద్దు వాలేలోగా ఆ పూటవాళ్ళది అయిపోయింది. రాత్రికి అక్కడే ఉండిపోయి, మర్నాడు వచ్చినవాళ్ళను కూడా అట్లాగే అడిగి, చివరికి అత్త డాక్టరుకు ఏం దొరికిందో, ఏం దొరకలేదో ఒక్కొక్కటీ చెప్పింది. దొరకనివి కొన్ని పాత పరీక్షల ఫలితాలు. వాటిని ల్యాబు నుంచి మళ్ళీ తెప్పించుకున్నారు. ఎవరికీ హాని జరగలేదు. ఆఫీసాయన ఉద్యోగం పోలేదు. అప్పటినుంచి నెలనెలా బ్యాకప్పును వేరే కంప్యూటరులోకి ఎక్కించి చూడడం ఆయన పని అయింది. చూడగానే మా ఇంటికి ఫోను. "ఎక్కించినాను మేడమ్. లేచినాది." అత్తకు ఆ ఫోను వచ్చిన రోజు కాఫీలో చక్కెర కొంచెం ఎక్కువ పడేది.

తిరుగు ప్రయాణంలో ఒట్టన్‌ఛత్రంలో బస్సు ఆగితే జామకాయలు కొంది. కొరుకుతూ, "ఇన్నేళ్ళు ఊరందరికీ చెప్తిని గదా అమ్మిణీ. నేనే చూడలే" అంది.  ఇంటికి రాగానే తనకు తెలిసిన ప్రతిచోటికీ ఫోను చేసి, బ్యాకప్పు ఎక్కించి చూడమని పట్టుబట్టింది. కంబం కోల్డ్ స్టోరేజీలో కూడా అది పనికిరాకుండా ఉందని అప్పుడే బయటపడింది. సరిచేయించి, తృప్తిగా నిద్రపోయింది.

కర్మ నాడు వాకిట్లో షామియానా వేశాం. చుట్టాలతో పాటు నేనెప్పుడూ చూడని మనుషులు వచ్చారు. నోరు విప్పాక గాని వాళ్ళెవరో నాకు తెలియలేదు, ఆ గొంతులన్నీ మా వంటింట్లో విన్నవే. కంబం నుంచి కోల్డ్ స్టోరేజీ చూసుకునే ఆమె, పొల్లాచ్చి దారిలో బడి మాస్టరు. నేను ముందే చూసింది తిరుమంగళం ఆఫీసాయన ఒక్కరినే. వాళ్ళలో ఒకరికొకరు తెలియదు. అందరికీ తెలిసిన మనిషి ఫోటోలో ఉంది.  భోజనాలయ్యాక కంబం ఆమె నా దగ్గరికి వచ్చి, మొహమాటంగా, "ఇయ్యాల అడగకూడదక్కా. కొత్త వెర్షను పెట్టినప్పటినుంచి వెతికితే చాలాసేపు పడతా ఉండాది" అంది. నేను బదులు చెప్పేలోగా తిరుమంగళం ఆయన కుర్చీ లాక్కుని, "కంప్యూటరు తెచ్చినారా? తెరవండి, చూద్దాం" అన్నాడు. ఆమె సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసింది. మాస్టరు కూడా లేచి వచ్చాడు.

పక్కింటావిడ నొచ్చుకున్నట్టు చూసింది. మామ చెయ్యి ఊపి, "ఉండనీ" అన్నాడు.

షామియానా పక్కనుంచి ఎండ నేరుగా తెర మీద పడుతుంటే తిరుమంగళం ఆయన భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో దానికి నీడ పట్టాడు. ఆ తువ్వాలు కిందికి ముగ్గురూ తలలు వంచారు. రైల్వే జంక్షను వైపు నుంచి గూడ్సు బండి ఒకటి చాలాసేపు పోయింది. ఎవరూ తల ఎత్తలేదు.