ఇరవయ్యో ఇంటి నల్లా

పద్మలత టీచరమ్మ బోర్డు మీద గీత గీసిందంటే స్కేలు పెట్టకున్నా వంకర పోదు. మట్టెవాడ దిక్కు ఒక సర్కారు బడిలో ఇరవై రెండేండ్ల సంది లెక్కలు చెప్తాంది. పిల్లలు తప్పు చేస్తే ఊకుంటది గానీ, కొట్టివేత గలీజుగుంటే మాత్రం అస్సలు ఊకోదు. "తప్పును గూడ స్కేలు పెట్టే కొట్టెయ్యాలె" అంటది. కాయితం సాపుగుండాలె, గంతే. ఆ సాపే ఆమెను ముంచింది.

కిందటేడు పైనుంచి ఆర్డరొచ్చింది, జనం కష్టానికి పనికొచ్చే లెక్కల ప్రాజెక్టు చెయ్యాలని. టీచరమ్మ ఉపాయం మంచిదే, కాదనను. బడి వెనుక గల్లీలో ఇరవై ఇండ్లు. దినం విడిచి దినం పొద్దుగాల గంట సేపు నల్లా వస్తది. ప్రతి నల్లా కింద ఒకే బిందె పెట్టి, అది నిండెతందుకు ఎన్ని నిమిషాలు పడ్తదో ఫోన్‌ల చూసి రాసుకోవాలె. తొమ్మిదో తరగతి సునీత రాతపని పట్టింది. నల్లా వచ్చిన నాడల్లా కొన్ని ఇండ్ల లెక్కన ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగిండ్లు.

ఆఖరి ఇల్లు రాములవ్వది, మిట్ట మీద. దరీలు నేసే మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంట బతుకుతది. ఆమె నల్లా విప్పితే చుక్కలే. అర్ధగంట చూసిండ్లు, బిందె అడుగు గూడ సరిగ తడవలేదు. "పొద్దటి సంది తిరుగుతాండ్లు, పాపం" అని రాములవ్వ లోపటి నుంచి రెండు చెంబుల నీళ్లు తెచ్చిచ్చింది. ఇద్దరూ గటగట తాగిండ్లు.

బడికొచ్చినంక సునీత అడిగింది. "టీచర్, ఇరవయ్యో ఇంటికి ఎంత రాయాలె?"

"నిండనే లేదాయె, టైమెక్కడిదే? అది పెడితే గ్రాఫు మొత్తం ఖరాబైతది. రేపే ఎగ్జిబిషన్. కొట్టెయ్."

"అవ్వ మనకు నీళ్లిచ్చింది గద టీచర్..."

"దానికీ దీనికీ ఏం సంబంధమే? కొట్టెయ్యంటే కొట్టెయ్!"

జిల్లాల ఫస్టు ప్రైజొచ్చింది. శాలువా కప్పిండ్లు, ఫొటో దిగిండ్లు. ప్రైజంటే ఎవరికి చేదు! జడ్జీగా వచ్చిన నల్లాల ఇంజినీరు "మాకు మస్తు పనికొస్తది మేడం" అని ఒక కాపీ పట్టుకపోయిండు. ఆ రెండు నెల్లు టీచరమ్మ నేల మీద నడిస్తే ఒట్టు.

అటెన్క ఒక మధ్యాహ్నం రాములవ్వ బడికొచ్చింది. చేతిల మడతలు పడ్డ జిరాక్సు కాయితం.

"బిడ్డా, కొత్త పైపు కోసం మూడేండ్ల సంది ఆఫీసు చుట్టు తిరుగుతాన్న. ఈసారి వచ్చినట్టే వచ్చి పక్క గల్లీకి పోయింది. అడిగితే, మీ గల్లీల బిందె నాలుగు నిమిషాలకే నిండుతాంది, బడి పిల్లలే లెక్కగట్టిండ్లు అని ఇది చేతుల పెట్టిండ్లు. నాకు సదువు రాదాయె. గిండ్ల నా ఇల్లెక్కడున్నదో జర చూపియ్యి."

ఆ గొంతుల కోపం లేదు. కోపానికొచ్చినా బాగుండేది.

కాయితంల పంతొమ్మిదో ఇల్లున్నది, దాని కింద గీత, గీత కింద సగటు. టీచరమ్మ ఆ గీత మీద వేలు పెట్టింది.

"లేదవ్వా. నేనే తీసేపిచ్చిన."

"ఎందుకు బిడ్డా?"

"నీ నల్లాకు నీళ్లు రాలేదని."

రాములవ్వకు సమజ్ కాలేదు. "నీళ్లు ఎవరికి రావో చూడనీకే గద మీరొచ్చింది?"

ఛీ, ఇన్నేండ్ల సంది పిల్లలకు ఏం నేర్పుతాన్న నేను, అనుకున్నది టీచరమ్మ. సునీతను పిలిచి రఫ్ బుక్కు తెమ్మన్నది. ఇరవయ్యో వరుసల పిల్ల ఆ రోజే రాసిపెట్టింది: రాములవ్వ, అర్ధగంట, నిండలేదు. దాని మీద కొట్టివేత. స్కేలు పెట్టి, వెంట్రుకంత వంకర పోకుండ, టీచరమ్మ నేర్పినట్టే కొట్టేసి ఉన్నది.

"నీ తప్పు గాదు బిడ్డా, నాది" అన్నది టీచరమ్మ. ఆ మాటకు సునీత బోరున ఏడ్చింది.

తెల్లారి ఆ రఫ్ బుక్కు, ప్రైజు సర్టిఫికెట్ రెండూ తీస్కపోయి ఇంజినీరు టేబుల్ మీద పెట్టింది. "మేమిచ్చింది తప్పుడు లెక్క సార్. తప్పు నాది."

"అరె, గిప్పుడా మేడం? పక్క గల్లీల పైపేసి మట్టి పూడ్చుడు గూడ అయిపాయె. దరఖాస్తు పెట్టుండ్లి, వచ్చే ఏడు చూద్దాం."

అక్కడి నుంచి బడికొచ్చి సునీతను ఎంటబెట్టుకొని సీదా రాములవ్వ ఇంటికే పోయింది. ఉన్నదున్నట్టు చెప్పింది. నాలుగు తిట్లు తిడితే పాణం జర సల్లవడ్తదని చూసింది గానీ, ఆమె తిట్టలేదు. "వచ్చే ఏడా" అని లోపటికి పోయి రెండు చెంబులు తెచ్చింది.

గల్లీ మొదటి నల్లా కాడి నుంచి చంకన మోసుకొచ్చుకున్న నీళ్లవి. పోయినసారి ఇవెక్కడివని టీచరమ్మ అడగనే లేదు. సునీత చెంబు ముట్టలేదు. ఇద్దరూ వద్దంటే అవ్వ చిన్నబుచ్చుకుంటదని టీచరమ్మ తాగింది. చుక్క మిగలకుండ తాగి చెంబు కింద పెట్టింది.

"ఇంకిన్ని పొయ్యమంటవా బిడ్డా?" అన్నది రాములవ్వ.