రోడ్డు వైపు స్థలం

ప్రాజెక్టు కింద మా ఊరు మునిగిపోతుందని తేలాక, వంశధారకు దూరంగా మెట్ట మీద మా అందరికీ ఇళ్ళ స్థలాలిచ్చారు. ఎవరికి ఏ స్థలమో చీటీలు తీసి నిర్ణయించారు. మా ఇంటి తరఫున చీటీ తీసింది మా అత్త. తారురోడ్డు వైపు మూల స్థలం వచ్చింది.

"ఓలమ్మ, నీ సెయ్యి మంచిది!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

నేనైతే అక్కడే నిలబడి మనసులో టైలరింగ్ షాపు కట్టేశాను. రోడ్డు మీదికి షట్టరు, లోపల రెండు మిషన్లు, పైన బోర్డు.

మా పక్కింటి పెద్దత్తకు ఆ చివర, ఆఖరి వరసలో వచ్చింది. ఆవిడ మాకు చుట్టం కాదు. వరస కలుపుకుని అత్త ఆవిడను "అప్పా" అనేది, నేను "పెద్దత్తా" అనేదాన్ని. భర్త పోయాడు, పిల్లల్లేరు. చూపు పోయి పదేళ్ళు దాటింది. అయినా పాత ఊళ్ళో నూతికీ బడ్డీకొట్టుకీ ఒక్కతే తిరిగేది. దారిలో ఎక్కడ ఏముందో ఆవిడ కాళ్ళకు తెలుసు.

ఆ సాయంత్రమే అత్త ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళి, పెద్దత్త పక్క స్థలం వచ్చినవాళ్ళతో మా స్థలం మార్చుకుంది. వాళ్ళు ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు.

"మతుండే సేసావా అత్తా? రోడ్డు స్థలం ఎవులైనా వదులుకుంటారా?" అని అరిచాను.

"అప్పకి కళ్ళు అగుపడవు కదే. నాను పక్కన నేకపోతే కొత్త సోట ఎవుల్ని పిలుస్తాది?" అంది అత్త.

నెల రోజులు నేను అత్తతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెట్టి పక్కకు తప్పుకునేదాన్ని. మా ఆయన ఇద్దరి మధ్యా నలిగిపోయాడు.

కొత్త కాలనీలో ఇళ్ళన్నీ ఒకేలా ఉండేవి. కళ్ళున్న మేమే ఒకటి రెండుసార్లు పక్క సందులోకి వెళ్ళిపోయాం. పెద్దత్త అయితే అరుగు దిగడమే మానేసింది. అత్త రోజూ పొద్దున్నే ఆవిడ చెయ్యి పట్టుకుని కుళాయి దాకా నడిపించి తీసుకొచ్చేది. కొన్ని వారాలయ్యాక ఒక పొద్దున కిటికీలోంచి చూశాను. పెద్దత్త ముందు నడుస్తోంది, ఒక్కతే. అత్త రెండడుగుల వెనక, నడక నేర్చే పిల్ల వెనక తల్లి నడిచినట్టు చేతులు చాచి నడుస్తోంది. కుళాయి చేతికి తగలగానే పెద్దత్త గట్టిగా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. కోపం పూర్తిగా పోయిందని చెప్పను కానీ, ఆ రోజు అత్తకు టీ నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

మా ఇంట్లో వెలుతురు తక్కువని మిషను పెద్దత్త అరుగు మీద వేసుకున్నాను. నేను కుట్టిన జాకెట్టు మీద ఆవిడ వేళ్ళతో తడిమి, "ఒలే, ఈడ కుట్టు జారినాది సూడు" అనేది. చాలాసార్లు నిజంగానే జారి ఉండేది. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవారు. కబుర్ల కోసం వచ్చినవాళ్ళే గుడ్డలిచ్చి వెళ్ళేవారు.

కిందటేడు, ఆ మూల స్థలం తీసుకున్నాయన విజయనగరం వెళ్ళిపోతూ మా దగ్గరికొచ్చాడు. పైన కొంత సొమ్మిస్తే మళ్ళీ మార్చుకుందామని, మా ఇల్లు తను అమ్ముకుంటానని అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. అత్త తల ఎత్తకుండా చింతపండు పిక్కలు తీస్తోంది.

"అక్కడ పక్కపక్కనే రెండు స్థలాలున్నాయా బావా?" అని అడిగాను.

"ఒకటే కదమ్మా."

"అయితే మాకొద్దు."

అత్త లోపలికి వెళ్ళి అతనికి మజ్జిగ తెచ్చిచ్చింది.

అత్త ఆ రోజు తెలివితక్కువ పని చేసిందని కాలనీలో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. మాకున్నవాటిలో విలువైనది ఏదని ఎవరైనా అడిగితే ఆ అరుగే చూపిస్తాను. ఈ వేసవిలో రెండిళ్ళ ముందూ కలిపి ఒకే రేకుల పందిరి వేయించాం. నడిచేటప్పుడు తగులుతుంది, మధ్యలో స్తంభం వద్దని పెద్దత్త పట్టుబట్టింది. మేస్త్రీ కాసేపు గొణిగి, చివరికి స్తంభాలన్నీ అంచుకు జరిపి పాతాడు.