కాగితం మీద రాసిన "లేదు"

మా అమ్మ తమిళనాట, చింతాద్రిపేటలో ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. కొన్నేళ్ళ కిందట గర్భసంచి ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షలో ఆమెకి హెపటైటిస్ బి ఉందని తేలింది. కాలేయం బాగానే ఉందనీ, ఆరు నెలలకొకసారి చూపించుకుంటూ ఉండాలనీ డాక్టర్లు చెప్పారు. ఆ సంగతి మా ఇద్దరికీ తప్ప చుట్టాలెవరికీ తెలీదు.

పోయినేడు అమ్మకి దవడ పన్ను పుచ్చి చెంప వాచింది. దగ్గర్లో ఉన్న పళ్ళ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. ముందుగా ఇచ్చిన కాగితంలో జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగితే, ఉన్నదున్నట్టు రాశాను. డాక్టరు అది చదివి, కుర్చీలో కూర్చున్న అమ్మని లేవమని, ఇక్కడ కుదరదు, పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు. బయటున్న వాళ్ళందరికీ వినపడింది. అమ్మ కుర్చీ దిగి, చెంపకి కొంగు అడ్డం పెట్టుకుని ఇంటిదాకా నడిచింది. ఆ వారమంతా జావ తాగుతూ, పంటికి లవంగం నూనె అద్దుకుంటూ మిషన్ తొక్కింది.

నొప్పి తగ్గలేదు. మా ఆఫీసులో ఒకామె చెబితే మాధవరంలో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాం. బస్సులో అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఈసారి చెప్పొద్దు. ఆడ చెప్పినందుకే గదా పంపేసినారు."

తప్పని తెలిసినా, అక్కడి కాగితం మీద "లేదు" అని రాసి సంతకం పెట్టాను.

మా వంతు వచ్చాక లోపల కాసేపు నిలబడాల్సి వచ్చింది. అంతకుముందు మనిషి లేచి వెళ్ళగానే నర్సమ్మ గ్లౌజులు తీసి పారేసి, చేతులు కడుక్కుని, కొత్తవి తొడుక్కుంది. కుర్చీ అంతా మందుతో తుడిచింది. లైటు పిడికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా మార్చింది. తర్వాత మా ఎదురుగానే ఒక అంటించిన కవరు చించి పనిముట్లు తీసింది. కవరు మీది గుర్తు చూపించి, ఆవిరి యంత్రంలో బాగా ఉడికితేనే దీని రంగు మారుతుందని చెప్పింది. అమ్మ ఆమె చేతులనే చూస్తూ ఉంది. అందరికీ ఇట్లానే చేస్తారా అని అడిగింది. ఎవరికి ఏముందో మొహం చూస్తే తెలీదు కదా, అందరికీ ఇంతే అంది నర్సమ్మ.

డాక్టరమ్మ మత్తు సూది చేతిలోకి తీసుకునేసరికి అమ్మ ఆమెని ఆపింది.

"నాకు హెపటైటిస్ బి ఉంది. లేదని రాయమని నేనే చెప్పినా. పాప తప్పేం లేదు."

డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది. ఇంక లేవమంటుందనే అనుకున్నాను. ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, మాకు అర్థమయ్యేలా నిదానంగా తమిళంలో చెప్పింది.

"మీరు చెప్పకపోయినా మేం వేసుకునే గ్లౌజులు ఇవే, వాడే పనిముట్లు ఇవే. మీరు చెప్పాల్సింది మీకోసమమ్మా. కాలేయం దెబ్బతిని ఉంటే పన్ను తీశాక రక్తం తొందరగా ఆగదు. కొన్ని నొప్పి మాత్రలు పడవు."

ఆ రోజు పన్ను తీయలేదు. వాపు తగ్గడానికి మందు రాసి, రక్తపరీక్ష చేయించుకు రమ్మని, అమ్మని చూసే డాక్టరుతో ఫోన్లో మాట్లాడింది. నేను ఆ కాగితం వెనక్కి అడిగి "లేదు" కొట్టేసి, సరిగ్గా రాసి ఇచ్చాను. సిగ్గుగానే ఉంది, కానీ గుండె మీది బరువు దిగినట్టయింది.

రిపోర్టులు బాగానే వచ్చాయి. నాలుగో రోజు పొద్దున, అందరితోపాటు టోకెన్ వరసలోనే అమ్మని పిలిచారు. పన్ను తేలిగ్గానే వచ్చేసింది. రక్తం పూర్తిగా ఆగిందని చూసుకున్నాకే డాక్టరమ్మ మమ్మల్ని పంపింది. పంపేముందు, ఈ జబ్బు రాకుండా టీకా వేయించుకున్నావా అని నన్ను అడిగింది. లేదన్నాను. పరీక్ష చేయించుకుని వేయించుకోమంది.

అన్నాళ్ళుగా అమ్మ తన కంచం, గ్లాసు వేరేగా పెట్టుకునేది. కలిసి తింటే ఈ జబ్బు అంటుకోదని డాక్టరమ్మ చెప్పాక, ఆ సాయంత్రం చల్లారబెట్టిన రాగి జావ ఒకే గిన్నెలో కలిపి, ఇద్దరం కిటికీ పక్కన కూర్చుని తాగాం.